దూరపు పీఠాలు, కనిపించని చేతులు: మతం మారిన ఆంగ్లికన్ గురువుల ఆత్మకథలపై ఒక పరిశీలన

ఇంగ్లండు చర్చిలో గురువులుగా పనిచేసి, ఆ చర్చిని వదిలి రోమన్ కథోలిక సభలో చేరినవాళ్లు రాసుకున్న పుస్తకాలు ఇంగ్లిషు సాహిత్యంలో ఒక చిన్న శాఖగానే నిలబడ్డాయి. జాన్ హెన్రీ న్యూమన్ 1864లో రాసిన ‘అపోలోజియా ప్రో వీటా సువా’ వాటికి పెద్దదిక్కు. రొనాల్డ్ నాక్స్ ‘ఎ స్పిరిచువల్ ఈనీడ్’ 1918లో వచ్చింది. హ్యూ రాస్ విలియమ్సన్ ‘ది వాల్డ్ గార్డెన్’ 1956లో వచ్చింది. వీటిలో న్యూమన్‌ను మన ఇంగ్లిషు శాఖలు వచనం కోసం చదివిస్తాయి, సెమినరీలు విశ్వాసం కోసం చదివిస్తాయి. మేము ఈ రెండు చోట్లా కాకుండా మూడో చోటు నుంచి, వెలివాడ వైపు నుంచి ఈ రచయితలను చదవదలచుకున్నాం. మా ప్రశ్న చాలా మామూలుది. వీళ్ల అంతరాత్మ కదిలింది నిజమే, కాదనం. ఏ ఊరి సంగతి విని కదిలింది?

ఇలా అడిగితే వచ్చే జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. న్యూమన్‌కు యెరూషలేము. నాక్స్‌కు ఆఫ్రికాలోని కికుయు. విలియమ్సన్‌కు దక్షిణ ఇండియా. మూడూ ఇంగ్లండుకు బయటి చోట్లే. మూడు చోట్లా ఆంగ్లికన్ చర్చి వేరే ప్రొటెస్టెంటు సంఘాలతో చెయ్యి కలిపింది. కలిపినప్పుడల్లా ఇంగ్లండులో కొందరు గురువులకు తమ గురుత్వం మీదే అనుమానం పుట్టింది. దక్షిణ ఇండియా అన్న మాట దగ్గర మేము ఆగకుండా ఎలా పోతాం? ఆ మాట వెనక ఉన్నవాళ్లలో తెలుగు మాలలు, మాదిగలు ఉన్నారు. ఆ అనుమానం పడిన గురుత్వాల్లో వాళ్ల గురుత్వమూ ఉంది.

సంగతి తెలియని పాఠకుల కోసం తగాదా ఏమిటో చెప్పుకోవాలి. మన పల్లెల్లో ‘ఆర్సీఎం వాళ్లు’ అంటే కథోలికులు, ‘సీఎస్సై వాళ్లు’ అంటే 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం వాళ్లు. ఒకరికి ఫాదరుగారు, ఇంకొకరికి అయ్యగారు. ఒకరిది జ్ఞానస్నానం, ఇంకొకరిది బాప్తిస్మం. ఇంగ్లండు చర్చి 16వ శతాబ్దంలో రోమునుంచి విడిపోయినా బిషప్పులను మాత్రం వదులుకోలేదు. అపొస్తలుల నుంచి బిషప్పు మీద బిషప్పు చేతులుంచుతూ వచ్చిన హస్తనిక్షేపణ వరుస తమలో తెగలేదని దాని వాదం. ఆ వరుసలో లేని ప్రొటెస్టెంటు పాస్టరు మంచివాడే కావచ్చు గానీ అతను చేసే సంస్కారం సంస్కారమేనా అన్నది అందులోని ‘హై చర్చి’ వర్గం సందేహం. రోము మాట ఇంకా కరుకు. మీ వరుస కూడా తెగిపోయింది అంటుంది. 1896లో పోపు 13వ లియో ఆంగ్లికన్ గురుపట్టాలు చెల్లనే చెల్లవని తేల్చేశాడు. అందుకే మతం మారిన ఆంగ్లికన్ గురువు మళ్లీ మొదటి నుంచి గురుపట్టం పుచ్చుకోవాలి. న్యూమన్ 1825లో ఆక్స్‌ఫర్డులో ఒకసారి, 1847లో రోములో ఇంకోసారి పుచ్చుకున్నాడు. నాక్స్ 1912లో, మళ్లీ 1919లో.

ముందు న్యూమన్ పుస్తకం. దాని పుట్టుక అందరికీ తెలిసిందే. చార్లెస్ కింగ్స్‌లీ అనే ఆంగ్లికన్ గురువు, నవలాకారుడు, న్యూమన్‌కు సత్యం పట్ల గౌరవం లేదన్న అర్థంలో ఒక పత్రికలో రాశాడు. కథోలికుడు కావడానికి చాలా ఏళ్ల ముందు నుంచే లోపల అటువైపు ఉండి, పైకి ఆంగ్లికన్‌గా నటించాడన్న అపవాదు న్యూమన్ మీద అప్పటికే ఉంది. దానికి జవాబుగా 1864 ఏప్రిల్ నుంచి జూన్ దాకా వారం వారం చిన్న పుస్తకాలుగా తన మత విశ్వాసాల చరిత్రను విప్పి చెప్పాడు. ఎప్పుడు ఏం చదివాడు, ఏ వాక్యం ఏ రాత్రి గుచ్చుకుంది, ఏ స్నేహితుడికి ఏం రాశాడు, అన్నీ. తనను తాను బోనులో నిలబెట్టుకుని తనే సాక్షిగా మాట్లాడే ఈ పద్ధతి గొప్పది. ఆక్స్‌ఫర్డు వదిలి వెళ్లే చోట, కుర్రవాడిగా తాను ఉన్న గదుల ఎదురుగోడ మీద పూసే పూల మొక్కను తలచుకుంటాడు. అక్కడ చదివేవాడికి గొంతు పట్టుకుంటుంది. ఈ పుస్తకం అబద్ధం చెప్పదు. దాని మీద మా అభియోగం అది కాదు.

పాఠకులు ఒక్కటి గమనించాలి. నీ మతమార్పిడిలో నిజాయితీ లేదన్న నింద పడగానే జవాబు చెప్పుకునే వీలు న్యూమన్‌కు ఉంది. అచ్చు వేసేవాడున్నాడు, చదివే జనం ఉన్నారు, కింగ్స్‌లీ కంటే పదునైన వచనం చేతిలో ఉంది. ఇదే నింద మన వాళ్ల మీద కూడా పడింది. ‘బియ్యం క్రైస్తవులు’ అన్న వెటకారం ఇప్పటికీ పోలేదు. 1859లో కృష్ణా ప్రాంతపు రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద చర్చి మిషనరీ సొసైటీ మిషనరీ దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అంటే అపోలోజియాకు అయిదేళ్ల ముందు. అదే సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నంలో దిగారు. నోబుల్ బడి పెట్టింది అగ్రకులాల పిల్లలను ఉద్దేశించి. వాళ్లు పెద్దగా రాలేదు, మాలపల్లెలు వచ్చాయి. వెంకయ్య ఏం ఆలోచించాడు, ఏ రాత్రి నిద్రపోలేదు అన్నది మనకు మిషనరీ నివేదికల్లోంచి, వాళ్ల మాటల్లోనే దొరుకుతుంది. వారం వారం అచ్చయ్యే సౌకర్యం ఆయనకెక్కడిది?

తేడా అంతటితో ఆగదు. న్యూమన్ మార్పిడి అంటే విడిపోవడం. 1843 సెప్టెంబరులో లిటిల్‌మోర్ గుడిలో ఆంగ్లికన్‌గా ఆయన చేసిన ఆఖరి ప్రసంగానికి పేరే ‘స్నేహితుల ఎడబాటు’. ఆ తర్వాత కొందరు ఆయన వెంట నడిచిన మాట నిజమే గానీ పుస్తకం లోపలి లెక్క ప్రకారం నిర్ణయం ఒంటరిది. తాను, తన దేవుడు, మధ్యలో ఎవరూ లేరు. వెంకయ్య మార్పిడి అంటే కలుపుకుపోవడం. ఇల్లు, బంధువులు, పేట, ఆపైన చుట్టుపక్కల పేటలు. 20వ శతాబ్దంలో మిషను పండితులు ‘సామూహిక ఉద్యమాలు’ అని పేరుపెట్టి వీటిని కొలిచినప్పుడు మనసులో పెట్టుకున్న కొలబద్ద ఏది? ఒంటరిగా గదిలో కూర్చుని, పుస్తకాలు చదివి, ఏళ్లకేళ్లు తర్కించుకుని మారేవాడే అసలైన మతాంతరుడు అన్న కొలబద్ద. దాన్ని న్యూమన్ తయారుచేశాడని అనం. దానికి అందమైన రూపం ఇచ్చింది మాత్రం ఆయన పుస్తకమే. ఆ కొలతతో చూస్తే పేట మొత్తం కదిలి రావడం లోపంలా కనిపిస్తుంది. వెలి అనేది ఒక్కడి మీద పడేది కాదు, పేట మొత్తం మీద పడేది. అందులోంచి బయటపడడం ఒక్కడి పని ఎలా అవుతుంది?

ఇప్పుడు యెరూషలేము. 1841లో ఇంగ్లండు, ప్రష్యా ప్రభుత్వాలు కలిసి అక్కడ ఒక ఉమ్మడి బిషప్పు పీఠం పెట్టాయి. ఒకసారి ఇంగ్లండు, ఒకసారి ప్రష్యా బిషప్పును ఎంపిక చేయాలి, లూథరన్లు కూడా అతని కిందికి రావచ్చు. న్యూమన్ దీన్ని ఖండిస్తూ నిరసన రాసి తన బిషప్పుకు పంపాడు. తనను ఆంగ్లికన్ చర్చి నుంచి విడదీసిన దెబ్బల్లో ఇది ఒకటని అపోలోజియాలో స్పష్టంగానే చెప్తాడు. అక్కడి జనం మాటేమిటి? మతం మారిన యూదులు అక్కడ మరీ కొద్దిమందేనట, వాళ్లకో బిషప్పు ఎందుకు అన్న ఎత్తిపొడుపుతో వాళ్ల ప్రసక్తి అయిపోతుంది. ఆ పీఠం ఎక్కిన మొదటి మనిషి మైకేల్ సాలొమన్ అలెగ్జాండర్. ప్రష్యాలోని పోజెన్ ప్రాంతంలో పుట్టిన యూదుడు. ఇంగ్లండులో యూదు సమాజాలకు మతబోధకుడిగా బతికి, 1825లో బాప్తిస్మం పుచ్చుకుని, లండన్‌లో హీబ్రూ ఆచార్యుడై, చివరికి బిషప్పు అయ్యాడు. అంటే ఆయనా మతాంతరుడే, సొంత జనాన్ని వదులుకుని వచ్చినవాడే. అపోలోజియాకు అదొక జంట కథ అయ్యుండేది. పుస్తకం ఆ కథ దగ్గర ఆగదు. 1845లో, న్యూమన్ రోము వైపు చేరిన ఏడాదే, అలెగ్జాండర్ ఈజిప్టు దారిలో చనిపోయాడు.

న్యూమన్‌ను తప్పుపట్టడం ఇక్కడ సులువు. అందుకే కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. ఆయన వాదం యూదుల మీద కాదు, సిద్ధాంతం మీద. కానీ ఆ సిద్ధాంతం ఏ అవసరంలోంచి వచ్చిందో కూడా ఆయనే చెప్పాడు. 1833లో ఐర్లండులో పది బిషప్పు పీఠాలను రద్దుచేసే చట్టం వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు నుంచి మొదలైన కరపత్రాల్లో మొదటిది న్యూమన్‌దే. తోటి గురువులను అందులో అడుగుతాడు: ప్రభుత్వం మీ ఆస్తిని, మర్యాదను తీసేస్తే మీరు దేని మీద నిలబడతారు? పుట్టుక మీదా, చదువు మీదా, సంపద మీదా? కాదు, అపొస్తలుల నుంచి వచ్చిన చేతుల వరుస మీద. ఇది చదివినప్పుడు మాకు రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. మొదటిది అనుమానం. పెద్దింటివాడి భూమికి ముప్పు రాగానే వంశవృక్షం బయటికి తీయడం మనం చూడనిది కాదు. రెండోది దానికి ఎదురుగా నిలబడుతుంది. ఈ వరుస వంశం కాదు గదా! ఇందులో చేరడానికి నెత్తురు అక్కర్లేదు, చెయ్యి చాలు. గోత్రంలోకి మాదిగవాడు వెయ్యి జన్మలెత్తినా రాలేడు. ఈ వరుసలోకి ఒక ప్రార్థనంత సేపట్లో వస్తాడు. కావలసిందల్లా ఒక బిషప్పు అతని తల ముట్టుకోవడం. ముట్టుకోవడం!

న్యూమన్ గాని, ఆయన తర్వాత వచ్చినవాళ్లు గాని ఆ చేతుల గురించి ఎన్ని పుటలు రాసినా వాటిని ఒక రుజువుగానే చూశారు. వరుస తెగిందా, తెగలేదా? దస్తావేజు సరైనదా, కాదా? చెయ్యి అంటే స్పర్శ అన్న సంగతి వాళ్లకు తోచే అవకాశం లేదు, వాళ్లను ఎవరూ అంటకుండా ఉంచలేదు. దోర్నకల్ పీఠంలో గురువులైన తెలుగువాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై దోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. ఆయన తిరునెల్వేలి నాడారు, దళితుడు కాదు, తెలుగువాడూ కాదు. 1945 జనవరి 1న చనిపోయేదాకా 32 ఏళ్లు ఆ చేతులు మన పేటల వాళ్ల తలల మీద ఆనాయి. అలా గురువైన మనిషి ఆదివారం రొట్టె విరిచి చేతుల్లో పెడతాడు. అదే ఊళ్లో అదే మనిషి సోమవారం బావి గట్టు ఎక్కకూడదు. ఆ పాస్టరు జీవితానికి, ఆక్స్‌ఫర్డు సెయింట్ మేరీస్ గుడిలో ప్రసంగాలు చేసిన న్యూమన్ జీవితానికి గురుత్వం అన్న ఒక్క పేరు ఎలా సరిపోతుందో మాకు అర్థం కాదు. మన అయ్యగారి బతుకులో పేట నుంచి పేటకు నడక, పిల్లలకు బడి, ఆడవాళ్లు వంటకు ముందు పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యం. అపోలోజియాలో విచారణ జనం ఎంతగా వెతికినా దొరకరు. న్యూమన్ బతుకులో మాత్రం జనం లేరనలేం. కుర్రగురువుగా సెయింట్ క్లెమెంట్స్ పేదల ఇళ్లు తిరిగాడు, 1849లో కలరా వచ్చినప్పుడు బిల్‌స్టన్‌కు వెళ్లాడు. ఆయన జీవితం ఆయన పుస్తకం కంటే విశాలం. లోటు ఈ రకం పుస్తకంలోనే ఉంది.

నాక్స్ విషయం త్వరగా తేల్చొచ్చు. బిషప్పు కొడుకు, తల్లివైపు లాహోరు మొదటి బిషప్పు థామస్ వాల్పీ ఫ్రెంచ్‌కు మనవడు. 1913లో ఇప్పటి కెన్యాలోని కికుయులో ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు మిషన్లు ఆఫ్రికన్ క్రైస్తవులు చీలిపోకుండా ఏదో ఒక కూటమి కట్టాలని సమావేశమై, చివర్లో కలిసి సంస్కారం పుచ్చుకున్నాయి. జాంజిబార్ బిషప్పు ఫ్రాంక్ వెస్టన్ అది మతద్రోహమన్నాడు. ఇంగ్లండు దద్దరిల్లింది. నాక్స్ 1914లో ‘రీయూనియన్ ఆల్ రౌండ్’ అని స్విఫ్ట్ ధోరణిలో వ్యంగ్య కరపత్రం రాశాడు. అలా కలుపుకుంటూ పోతే ముస్లిములను, యూదులను, బౌద్ధులను, బ్రాహ్మణులను, నాస్తికులను కూడా ఇంగ్లండు చర్చిలో కలిపేయండి అని దాని సారం. మంచి హాస్యమే. కాకపోతే లాహోరు బిషప్పు మనవడికి కూడా హిందూదేశం అనగానే గుర్తొచ్చింది బ్రాహ్మణుడు. అప్పటికి అక్కడి ఆంగ్లికన్ చర్చిలో నిండుగా ఉన్నది ఎవరో ఆయన హాస్యానికి అక్కర్లేకపోయింది. 1917లో ఆయన కథోలికుడయ్యాడు. కికుయులో మోకరిల్లిన ఆఫ్రికన్లు ఇంగ్లండు గొడవలో పాత్రలుగా కూడా లేరు.

దక్షిణ ఇండియా దగ్గర ఇలా త్వరగా దాటిపోలేం. ఈ ఐక్యత ఎందుకు అవసరమైందో ముందు చూడాలి. మిషన్లు తమలో తాము జిల్లాలు పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లకు, ఒంగోలు బాప్టిస్టులకు, మెదక్ మెథడిస్టులకు, కడప వైపు లండన్ మిషనుకు, నంద్యాల ఎస్.పి.జి.కి, కృష్ణా చర్చి మిషనుకు. మన తాతలు మతం ఎంచుకున్నారు గానీ శాఖను ఎంచుకోలేదు. ఏ తాలూకాలో పుట్టారో అదే శాఖ. నంద్యాల పిల్లను జమ్మలమడుగు ఇస్తే ఆంగ్లికన్ కాస్తా కాంగ్రిగేషనలిస్టు అవుతుంది. అత్తగారి ఊళ్లో ఆమెకు సంస్కారం ఇవ్వాలా వద్దా? ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన తగాదా మన ఆడపిల్లల కాపురాల్లోకి వచ్చింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో సి.ఎస్.ఐ. ఏర్పరచారు. ఇకముందు గురుపట్టాలన్నీ బిషప్పుల చేతుల మీదుగానే. అయితే అప్పటికే ఉన్న పాస్టర్లకు మళ్లీ పట్టం అడగరు, వాళ్లను ఉన్నవాళ్లను ఉన్నట్టే గురువులుగా ఒప్పుకుంటారు.

ఈ చివరి ముక్క దగ్గరే ఇంగ్లండులో మంట లేచింది. మన ఆధునిక కవులు గురువుగా తలచుకున్న టి.ఎస్. ఎలియట్ 1943లోనే ఈ పథకాన్ని వ్యతిరేకిస్తూ ‘రీయూనియన్ బై డిస్ట్రక్షన్’ అని ఒక కరపత్రం రాశాడు. మన సాహిత్య చర్చల్లో ఆయన ‘వేస్ట్ లాండ్’ గురించి ఇన్ని మాటలున్నాయి గదా, ఈ కరపత్రం గురించి ఎక్కడైనా విన్నామా? 1948 లాంబెత్ సభలో బిషప్పులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. చివరికి 1955లో ఇంగ్లండు చర్చి సభలు సి.ఎస్.ఐ.లో బిషప్పుల చేతుల మీదుగా పట్టం పొందినవాళ్లు నిజమైన గురువులేనని ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నందుకే విలియమ్సన్ బయటికి నడిచాడు. ఆ మధ్యలోనే, 1950 ఆగస్టులో, మన దేశంలో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకుంది, క్రైస్తవులను చేర్చుకోలేదు. అంటే ఆ అయిదేళ్లలో తెలుగు దళిత పాస్టరు పరిస్థితి చూడండి. లండన్‌లో అతను గురువేనా అని చర్చ. ఢిల్లీలో అతను అంటరానివాడే కాడని తీర్పు. రెండు చోట్లా అతన్ని పిలిచి అడిగినవాడు లేడు.

విలియమ్సన్ నాటకకర్త, చరిత్ర రచయిత. 1943లో ఆంగ్లికన్ గురువయ్యాడు, 12 ఏళ్లు చేశాడు. ఆయన తండ్రి కాంగ్రిగేషనలిస్టు పాస్టరు. అంటే సి.ఎస్.ఐ.లో ఎవరి గురుత్వాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం మీద గొడవ పుట్టిందో ఆ కడప, జమ్మలమడుగు పాస్టర్లు ఆయన తండ్రి చర్చివాళ్లే. కొడుకు కాదన్నది తండ్రిలాంటి వాళ్ల చేతులను. ఒక ఆత్మకథకు ఇంతకన్నా గొప్ప ముడి ఎక్కడ దొరుకుతుంది? ఆ ముడికి రెండో కొస తెలుగు నేల మీద ఉంది. అక్కడిదాకా పట్టుకువెళ్లి చూస్తేనే ఈ కథ నిండుతుంది. విలియమ్సన్ పోగొట్టుకున్నదాన్ని మేము తక్కువ చేయం. పెళ్లయినవాడు కనక కథోలిక గురువు కాలేకపోయాడు, మామూలు విశ్వాసిగా మిగిలాడు. అంతకుముందు 12 ఏళ్లు తాను పీఠం ముందు చేసిందంతా చెల్లదని ఒప్పుకోవలసి వచ్చింది. నీ చేతికి ఏ విలువా లేదు అని ఎవరైనా అంటే ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆయనకు తెలిసి ఉండాలి. మతాంతర గురువులందరి జీవితంలోనూ ఈ క్షణం ఉంది. వాళ్లు మనకు అందేంత దగ్గరికి వచ్చేది అక్కడే. కానీ ఆ అవమానాన్ని వాళ్లు తమ విధేయతకు గుర్తుగా దాచుకున్నారే తప్ప, అలాంటి మాట పుట్టుకతోనే విన్నవాళ్లున్నారని చూడలేదు. ఆయన వెతుక్కుంటూ వెళ్లిన స్థిరత్వం కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1960ల చివర కథోలిక పూజావిధానం మారినప్పుడు దాన్ని కూడా ఖండిస్తూ పుస్తకాలు రాశాడు.

ఇక్కడ మాకు ఎదురు చెప్పేవాళ్లుంటారు. నంద్యాల సంగతేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1947లో నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది, ఎస్.పి.జి. మిషను పేటల దళితులు, సి.ఎస్.ఐ.లో చేరలేదు. బిషప్పుల వరుస లేని పాస్టర్లతో కలవబోమని 1970ల దాకా విడిగానే ఉండిపోయారు. అంటే ఎలియట్ పక్షాన మన వాళ్లూ ఉన్నారు. దీన్ని దొరలు నేర్పిన చిలకపలుకులని కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. పాతికేళ్లకు పైగా ఎవరూ చిలకపలుకుల కోసం ఒంటరిగా ఉండరు. మాకు తోచేది ఇది: బిషప్పు చెయ్యి అన్నది అక్కడ వాదం కాదు, తమకు దక్కిన ఒకే ఒక్క పెద్దరికం. ఏ వంశావళిలోనూ చోటు లేనివాళ్లకు నెత్తురుతో పనిలేని ఒక వరుసలో చోటు దొరికింది. దాన్ని పల్చన చేస్తామంటే ఎందుకు ఒప్పుకుంటారు? ఒకే సిద్ధాంతం ఆక్స్‌ఫర్డులో మర్యాద పోతున్నవాడి ఆసరా, నంద్యాలలో మర్యాద ఎన్నడూ లేనివాడి సంపాదన. ఇంగ్లిషు ఆత్మకథలు మొదటిదాన్ని మాత్రమే రాశాయి. రెండోది ఇంకా ఎవరూ రాయలేదు. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు పేటల్లో ఆ తరం గురువుల పిల్లలు, మనవలు ఉన్నారు. అడిగితే చెప్పేవాళ్లున్నారు.

ఈ మధ్య కాలంలో ‘ఆంగ్లికన్ వారసత్వం’ అన్న మాటకు రోములోనే చట్టబద్ధమైన చోటు దొరికింది. ఇంగ్లండు చర్చి 1992లో స్త్రీలకు గురుపట్టం ఇవ్వాలని తీర్మానించాక వందలమంది గురువులు బయటికి వచ్చారు. 2009లో పోపు 16వ బెనెడిక్టు ఇచ్చిన శాసనంతో, మతం మారినవాళ్లు తమ ప్రార్థనాభాషను, సంగీతాన్ని, ఆచారాలను వెంట తెచ్చుకుని ప్రత్యేక పీఠంగా ఉండొచ్చు. పెళ్లయిన గురువులకు కూడా, ఒక్కొక్కరి విషయం చూసి, పట్టం ఇస్తారు. విలియమ్సన్‌కు దొరకనిది వీళ్లకు దొరికింది. 2015లో వీళ్ల కోసం ప్రత్యేక పూజాగ్రంథం వచ్చింది. 2019లో న్యూమన్‌ను పునీతుడిగా ప్రకటించారు, 2025 నవంబరులో సభాపండితుడిగా గౌరవించారు. ఇదంతా మంచిదే. ఇల్లు మారేటప్పుడు సామాన్లు తెచ్చుకోనివ్వడం మర్యాద.

మరి మన సామాన్లు? 1969లో కథోలిక సభ మన దేశంలో పూజను ‘భారతీయం’ చేయడానికి పన్నెండు మార్పులకు అనుమతి తెచ్చుకుంది. హారతి, దీపస్తంభం, అంజలి, పంచాంగ ప్రణామం, నేల మీద కూర్చోవడం. వాటిలో అధికభాగం గుడి మర్యాదలు. ఏ గుడి? మనల్ని రానివ్వని గుడి. డప్పు ఆ జాబితాలో లేదు. దోర్నకల్‌లో 1939లో అజరయ్య కట్టించిన కథీడ్రల్ స్తంభాలకు కూడా దక్షిణాది ఆలయాల పోలికే. మేము ఆ కట్టడాన్ని ప్రేమిస్తాం, అది వేరే సంగతి. వారసత్వం వెంట తెచ్చుకోమన్నప్పుడు ఆంగ్లికన్ పెద్దమనిషి తన సాయంకాల ప్రార్థనను తెచ్చుకున్నాడు. దళితుడి వంతు వచ్చేసరికి వారసత్వం పేరుతో వాడి శత్రువు సామాను వాడి నెత్తిన పెట్టారు. దళిత క్రైస్తవ వేదాంతులు 1980ల నుంచి ఈ మాట చెప్తూనే ఉన్నారు. కథోలిక సభలోనైనా మన వాళ్లు పైకి రావడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు ఆర్చిబిషప్పు అయితే దేశంలో దళిత ఆర్చిబిషప్పు అదే మొదలు. 2022లో పూల ఆంథోనీ కార్డినల్ అయితే దళిత కార్డినల్ అదే మొదలు. తెలుగు నేల మీద రెడ్డి కథోలికుల చరిత్ర మాత్రం 18వ శతాబ్దం నుంచి ఉంది.

ప్రత్యేక పీఠం మొదటి ముగ్గురు గురువులు, నిన్నటిదాకా ఆంగ్లికన్ బిషప్పులు, 2011 జనవరి 15న లండన్ వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్‌లో మళ్లీ కొత్తగా పట్టం పుచ్చుకున్నారు. స్త్రీల గురుపట్టం వాళ్లు దాటలేకపోయిన గడప. సి.ఎస్.ఐ. దాన్ని 1976లోనే దాటింది. 2013 సెప్టెంబరు 30న ఎగ్గొని పుష్పలలిత ఆ సంఘపు మొదటి మహిళా బిషప్పు అయ్యారు. అభిషేకం జరిగింది నంద్యాలలో, ఆమె పీఠం నంద్యాల. ఆమె తల మీద చేతులుంచిన బిషప్పుల వరుస 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మొదలైన వరుసే.